గీతలు నిండుగా ఉన్నా నెట్ ఎందుకు రాదు? వైఫైపై అపోహలు – వాస్తవాలు

ఇంట్లో నెట్ నెమ్మదించగానే అందరం వైఫైని తిట్టుకుంటాం. చాలాసార్లు తప్పు దానిది కాదు. ఫోన్‌కూ గోడకున్న పెట్టెకూ మధ్య కొద్ది మీటర్ల రేడియో లంకె, అంతవరకే వైఫై. ఆ లంకె ఎలా కుదురుతుందో తెలిస్తే ఈ అపోహలు నిలవవు.

అపోహ 1: వైఫై అన్నా ఇంటర్నెట్ అన్నా ఒకటే.

వాస్తవం: వైఫై స్థానిక నెట్‌వర్క్. 802.11 పేరుతో ఐఈఈఈ సంస్థ 1997లో దీని తొలి ప్రమాణాన్ని వెలువరించింది. అప్పటి గరిష్ఠ వేగం సెకనుకు 2 మెగాబిట్లే! వీధిలో ఫైబర్ తెగినా ఫోన్ నుంచి వైఫై ప్రింటర్‌కు కాగితం పంపుకోవచ్చు. మనం రౌటర్ అని పిలిచే పెట్టెలో పరికరాలను గాలి ద్వారా కలిపే భాగం యాక్సెస్ పాయింట్. ఇంటి నెట్‌వర్క్‌కూ బయటి ఇంటర్నెట్‌కూ మధ్య దారి చూపేది రౌటర్ భాగం. ఆఫీసుల్లో సీలింగుకు బిగించిన తెల్లటి డబ్బాలు సాధారణంగా యాక్సెస్ పాయింట్లే; అవి కేబుళ్లతో నెట్‌వర్క్ స్విచ్‌కు కలిసి ఉంటాయి.

అపోహ 2: గీతలు నిండుగా ఉంటే వేగం ఖాయం.

వాస్తవం: యాక్సెస్ పాయింట్ సంకేతం ఫోన్‌కు ఎంత బలంగా అందుతోందో మాత్రమే గీతలు చెబుతాయి. బయటి లైను పరిస్థితి వాటికి తెలియదు. పైగా ఫోన్ రేడియో శక్తి సాధారణంగా రౌటర్ కన్నా తక్కువ. రౌటర్ మాట ఫోన్‌కు వినబడినా, ఫోన్ మాట రౌటర్‌కు సరిగా అందకపోవచ్చు.

అపోహ 3: ఎన్ని పరికరాలు కలిపినా ఎవరి వేగం వారిదే.

వాస్తవం: గాలి అందరికీ ఉమ్మడి. ప్రతి పరికరం ముందు ఛానల్ ఖాళీగా ఉందో లేదో వింటుంది, కాసేపు ఆగి పంపుతుంది, అందినట్టు జవాబు రాకపోతే మళ్లీ పంపుతుంది. వైఫై 6 ప్రమాణం ఛానల్‌ను ముక్కలు చేసి ఒకేసారి కొందరికి పంచగలదు కానీ మొత్తం సామర్థ్యాన్ని మాత్రం అందరూ పంచుకోవాల్సిందే. అపార్ట్‌మెంట్లలో పక్కింటి రౌటర్ కూడా ఇందులో వాటాదారే. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదానిపై ఒకటి పడకుండా వాడుకోదగ్గవి ప్రధానంగా 1, 6, 11 అనే మూడు ఛానళ్లే.

అపోహ 4: వైఫై పేరు చివర 5జీ ఉంటే అది మొబైల్ 5జీ.

వాస్తవం: అక్కడ 5 అంటే 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్. మొబైల్ 5జీ అంటే అయిదో తరం సెల్ నెట్‌వర్క్. రెండింటికీ సంబంధం లేదు. 5 గిగాహెర్ట్జ్‌లో ఛానళ్లు ఎక్కువ, రద్దీ తక్కువ. అయితే గోడలు దాటేసరికి దాని బలం 2.4 కన్నా ఎక్కువగా తగ్గుతుంది. రౌటర్ ఉన్న గదిలో 5, దూరపు గదిలో 2.4 నయం.

అపోహ 5: నెట్‌వర్క్ పేరు దాచేస్తే ఎవరూ చొరబడలేరు.

వాస్తవం: పేరు దాచినా యాక్సెస్ పాయింట్ సెకనుకు దాదాపు పదిసార్లు తన ఉనికిని చాటుతూనే ఉంటుంది. మీ ఫోన్ దానితో కలిసేటప్పుడు ఆ పేరు గాలిలో బాహాటంగానే వెళుతుంది. నిజమైన రక్షణ డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 అనే భద్రతా పద్ధతి, దానికి తోడు పొడవాటి పాస్‌వర్డ్. పాత డబ్ల్యూఈపీ పద్ధతి లోపాలు 2001లోనే బయటపడ్డాయి, దాన్ని వాడకండి.

అపోహ 6: రిపీటర్ పెడితే వేగం పెరుగుతుంది.

వాస్తవం: పెరిగేది దూరం. ఒకే రేడియో ఉన్న రిపీటర్ విన్నదాన్ని అదే ఛానల్‌లో మళ్లీ చెప్పాలి కాబట్టి వేగం సుమారు సగానికి పడిపోతుంది. వీలైతే కేబుల్ లాగి రెండో యాక్సెస్ పాయింట్ పెట్టి, రెండింటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ ఇవ్వండి.

నెట్ మొరాయిస్తే ముందు ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో రౌటర్‌కు కలిపి వేగం చూడండి. అప్పుడూ నెమ్మదిగానే ఉంటే లైను ఇచ్చినవారిని అడగండి. కేబుల్‌లో బాగుండి గాలిలో తగ్గితే కొత్త ప్లాన్ కొనకండి. రౌటర్ చోటో, బ్యాండో, ఛానలో మార్చి చూడండి.