ఆఫ్రికా రంగుచేపల పెంపకము

ఇంటిపట్టున ఉండి చేయదగిన వృత్తులకై గ్రామములలో యువకులును, మహిళా సంఘముల సభ్యులును నేడు వెదకుచున్నారు. అట్టివానిలో అలంకార చేపల పెంపకమొకటి. 2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో దీనికిని చోటు కల్పింపబడినది. పట్టణవాసులు గాజుతొట్లలో పెంచుటకు మక్కువతో కొను చేపలలో ఆఫ్రికా ఖండపు సిక్లిడ్ చేపలు ముఖ్యమైనవి. ఇంతటి పసుపు, నీలము, నారింజ వన్నెలు మంచినీటి చేపలలో అరుదు.

అయితే అంగడిలో మెరసిన చేప ఇంటికి వచ్చిన కొన్ని వారములకే వెలవెలబోవుట పలువురి అనుభవము. దీనికి కారణమేమి? చేప రంగు పైపూత కాదు. నీరు, ఆహారము, నివాసము తనకు సరిపడియున్నవని చేప ఇచ్చు సాక్ష్యమే ఆ రంగు. ఈ విషయమును గ్రహించినవారికి తక్కిన పని సులభమగును.

పుట్టినచోటు

ఈ చేపలలో పెక్కు జాతులు తూర్పు ఆఫ్రికాలోని మలావీ, టాంగనీకా, విక్టోరియా సరస్సులకు చెందినవి. మలావీ సరస్సు సుమారు 580 కిలోమీటర్ల పొడవును, 700 మీటర్ల లోతును గలది. ఈ ఒక్క సరస్సులోనే కొన్నివందల సిక్లిడ్ జాతులు కలవు. ఒడ్డున రాళ్ళనడుమ నివసించుచు, రాతిపై పాచిని గీకి తిను జాతులను అచటివారు ఎంబూనా అందురు. నిండు పసుపు వన్నె గల ఎలక్ట్రిక్ ఎల్లో చేప ఈ వర్గములోనిదే. ఆ సరస్సు నీరు మిగుల తేటయైనది, క్షారగుణము గలది. దాని పీహెచ్ సుమారు 7.8 మొదలు 8.6 వరకు ఉండును.

నీరు

మన ప్రాంతమున పెక్కు గ్రామముల బోరునీరు కఠినజలము. పప్పు ఉడకదని గృహిణులు నిందించు ఈ నీరే మలావీ చేపలకు తరచుగా అనుకూలించును. అయినను పరీక్షింపక వాడరాదు. 2019లో మొదలైన జలజీవన్ మిషన్ క్రింద గ్రామములకు ఇచ్చిన నీటి పరీక్ష పెట్టెతో పీహెచ్‌ను, కాఠిన్యమును తెలిసికొనవచ్చును. ఉప్పదనము మిక్కుటముగా గల నీరు పనికిరాదు. బ్లీచింగు పొడి కలిపిన కుళాయినీటిని వెడల్పు పాత్రలో ఒక దినము ఎండలో ఉంచి, క్లోరిను పోయిన పిమ్మట వాడవలెను.

నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు గల తొట్టిలో సుమారు 250 లీటర్ల నీరు పట్టును. ఇంతకంటె చిన్న తొట్టి ఈ చేపలకు తగదు. క్రొత్త తొట్టిలో వెంటనే చేపలను వదలరాదు. చేపల విసర్జనమునుండి పుట్టు అమ్మోనియా విషపదార్థము. క్షారజలములో దాని తీవ్రత హెచ్చు. దానిని హానిలేని రూపమునకు మార్చు సూక్ష్మజీవులు ఫిల్టరులో పెంపొందుటకు నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. అటుపిమ్మట కొద్ది చేపలతో ఆరంభింపవలెను. వారమున కొకసారి నాల్గవవంతు నీటిని మార్చుచుండవలెను. వేడిమి 24 మొదలు 27 డిగ్రీల వరకు ఉండుట మేలు. వేసవిలో తొట్టిని నీడపట్టున ఉంచి, గాలిపంపును ఆపకుండ నడుపవలెను.

నీటి తేటదనమునకును రంగునకును గల సంబంధమును విక్టోరియా సరస్సు తెలుపుచున్నది. అందు ఆడుచేప మగచేపను రంగును బట్టి ఎన్నుకొనును. మురుగుచేరి నీరు మసకబారినచోట రంగులు కనబడక, చేపల వన్నెలును, జాతుల సంఖ్యయు తగ్గుచున్నవని 1997లో శాస్త్రజ్ఞులు వెల్లడించిరి.

ఆహారము

పసుపు, ఎరుపు వన్నెలకు ముఖ్యమైన కెరోటినాయిడ్లను చేప తన దేహములో తయారుచేసికొనజాలదు, ఆహారమునుండియే గ్రహింపవలెను. స్పైరులినా అను నాచు కలిసిన మేతలో ఇవి సమృద్ధిగా ఉండును. ఉడికించిన పాలకూర, బఠాణీలు అప్పుడప్పుడు పెట్టవచ్చును. పాచితిను ఎంబూనా చేపలకు మాంసాహారము అతిగా పెట్టినచో కడుపుబ్బు వ్యాధి సోకు ప్రమాదము కలదు. రోజుకు రెండుమార్లు, కొద్ది నిమిషములలో తినగలిగినంత మాత్రమే వేయవలెను.

నీలము వన్నె వేరు విధమైనది. అది వర్ణద్రవ్యము కాదు. చర్మములోని సూక్ష్మ స్ఫటికములు వెలుగును వెనుకకు పంపుటచే కలుగును. దానిని మేత తేజాలదు, ఆరోగ్యమే తెచ్చును.

నివాసము

బెదరిన చేప రంగు చూపదు. తొట్టి అడుగున ముందుగా రాళ్ళను కదలకుండ పేర్చి, పిమ్మట ఇసుక పోయవలెను. ఈ చేపలు ఇసుకను త్రవ్వును గనుక, ఇసుకపై నిలిపిన రాళ్ళు కూలును. కడపరాయి, తాండూరురాయి సున్నపురాతి జాతివి కాన, నీటి క్షారగుణము తగ్గకుండ కొంత తోడ్పడును. వాని పదునైన అంచులను అరగదీయవలెను. తెల్లని అడుగుపై చేప పాలిపోయినట్లుండును. ముదురు రంగు అడుగుపై వన్నె నిండుగా తోచును.

మగచేపలు స్థలమునకై పోరాడును. ఓడిన మగచేప వన్నె తగ్గి మూల నక్కియుండును. కావున ఒక మగచేపకు మూడు నాలుగు ఆడుచేపల చొప్పున ఉంచవలెను. నెమలి సిక్లిడ్లని పిలువబడు జాతులలో మగవానికే రంగు. పిల్లలకును, ఆడువానికిని బూడిదవన్నెయే సహజము. ఈ జాతి చిన్నపిల్లలన్నియు ఒక్కతీరున మెరయుచుండినచో, వానికి హార్మోను కలిపిన మేత పెట్టిరేమోయని శంకింపవలెను. ఆ రంగు నిలువదు. అట్టి చేపల సంతానశక్తియు దెబ్బతినవచ్చును.

పంచాయతీ బాధ్యత

పెంపకము ఎంత బాగుగా సాగినను, ఒక నియమము తప్పరాదు. ఈ చేపలు తొట్టి దాటి చెరువున చేరరాదు. విసుగుచెందిన వారు మిగిలిన చేపలను చెరువులో వదలుట దయయని తలంతురు. అది దయ కాదు. 1950 దశకములో విక్టోరియా సరస్సున నైలు పెర్చ్ అను పరాయి చేపను ప్రవేశపెట్టిరి. అది పెచ్చు పెరిగి, 1980 దశకము నాటికి అచటి సిక్లిడ్ జాతులలో వందలాది కానరాకుండ పోవుటకు ముఖ్యకారణ మయ్యెను. 1952లో మన దేశమునకు తేబడిన తిలాపియాయు ఆఫ్రికా సిక్లిడ్ జాతిదే. గ్రుడ్లను నోటిలో పొదిగి, పిల్లలను కాపాడుకొను ఆ చేప పెక్కు చెరువులలో ఇతర చేపల మేతను, చోటును ఆక్రమించినది.

చెరువులోని బొచ్చె, రోహు, కొర్రమీనులపై మత్స్యకారుల జీవనము ఆధారపడియున్నది. పరాయి చేప ఒకమారు చెరువున స్థిరపడిన పిమ్మట దానిని ఏరివేయుట అసాధ్యప్రాయము. కావున పంచాయతీ సభ్యులు పెంపకందారులకు ఈ విషయమును ముందుగనే బోధింపవలెను. తొట్టినుండి తీసిన నీటిని చెరువునకు పోవు కాలువలో వదలక, పెరటి మొక్కలకు పోయించవలెను. అది వానికి మంచి ఎరువు. పెంచలేనివారు చేపలను మరియొక పెంపకందారునకో, అమ్మకందారునకో అప్పగించునట్లు చూడవలెను.

తొట్టిలోని చేప వన్నె పెంపకందారుని శ్రద్ధను చాటును. చెరువు పరిశుద్ధత పంచాయతీ శ్రద్ధను చాటును. రెండును నిలిచిన గ్రామమున ఈ క్రొత్త వృత్తి ఎవ్వరికిని కీడు చేయక, పెంచినవారికి ఆదాయమును సమకూర్చగలదు.