ఎక్కడి మంచు... ఎక్కడి ముంపు!

మండువేసవి. గాజుగ్లాసులో రెండు ఐసుముక్కలు వేసి, అంచుదాకా నీళ్లు పోసి బల్లమీద పెట్టారు. ముక్కలు చాలావరకు మునిగి, కాస్త మాత్రమే పైకి కనిపిస్తూ తేలుతున్నాయి. కాసేపటికి కరిగిపోతాయి. అప్పుడు నీళ్లు పొర్లుతాయా? చాలామంది పొర్లుతాయనే అంటారు. కానీ ఒక్క చుక్క కూడా కింద పడదు! తేలే మంచు తన బరువుకు సరిపడా నీటిని ముందే పక్కకు నెట్టేసి ఉంటుంది. కరిగాక సరిగ్గా ఆ చోటులోనే సర్దుకుంటుంది. రెండువేల ఏళ్లకు ముందే ఆర్కిమెడిస్ చెప్పిన సూత్రమిది.

ఇప్పుడు మరో నిండు గ్లాసుమీద టీ వడగట్టే జల్లెడ పెట్టి, అందులో ఐసుముక్కలు వేయండి. కరిగిన ప్రతి చుక్కా గ్లాసులోకి కొత్తగా చేరేదే. ఈసారి బల్ల తడవక తప్పదు.

సముద్రం సంగతీ అంతే. ఆర్కిటిక్‌లో నీటిమీద తేలే మంచు మొదటి గ్లాసులాంటిది. అది కరిగినంత మాత్రాన సముద్రమట్టం పెద్దగా మారదు. (అయితే తెల్లటి మంచు పోయి నల్లటి నీరు బయటపడితే అది ఎండను మరింత పీల్చుకుంటుంది. వేడి ఇంకా పెరుగుతుంది.) అసలు చిక్కంతా జల్లెడలో ఉన్న మంచుతోనే. అంటే... నేలమీద పేరుకున్న మంచుతో.

జల్లెడలో ఎంతుంది?

గ్రీన్‌లాండ్‌మీది మంచంతా కరిగితే ప్రపంచ సముద్రమట్టం సుమారు 7 మీటర్లు పెరుగుతుంది. అంటార్కిటికాది కరిగితే దాదాపు 58 మీటర్లు. హిమాలయాలు, ఆల్ప్స్ లాంటి పర్వతాలమీది హిమానీనదాలన్నీ కలిపితే 30 సెంటీమీటర్లకు కాస్త అటూఇటూ.

ఇదంతా రేపో ఎల్లుండో కరిగిపోదు. అందుకు వందలు, వేల ఏళ్లు పడుతుంది. కానీ తీరప్రాంతాలకు అందులో పిసరంత చాలు. సుమారు 36 వేల కోట్ల టన్నుల మంచు కరిగితే సముద్రం ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. 2002 నుంచి ఉపగ్రహాలు వేస్తున్న లెక్క ప్రకారం ఒక్క గ్రీన్‌లాండే ఏటా సగటున 27 వేల కోట్ల టన్నుల దాకా కోల్పోతోంది.

దీనికితోడు నీరు వేడెక్కితే వ్యాకోచిస్తుంది. ఈ రెండూ కలిసి 1901-2018 మధ్య సముద్రమట్టాన్ని 20 సెంటీమీటర్లు పెంచాయి. వేగం కూడా పెరిగింది. 1901-1971 మధ్య ఏడాదికి 1.3 మిల్లీమీటర్లుగా ఉన్న పెరుగుదల 2006-2018 మధ్య 3.7కు చేరింది.

అడ్డు తొలగితే...

2002లో అంటార్కిటికాలో ఓ వింత జరిగింది. లార్సెన్-బి అనే మంచు పలక నెలరోజుల్లోనే ముక్కచెక్కలైపోయింది. దాని విస్తీర్ణం 3,250 చదరపు కిలోమీటర్లు. దాదాపు గోవా రాష్ట్రమంత! అది తేలే మంచే కాబట్టి సముద్రమట్టాన్ని పెంచలేదు. కానీ అన్నాళ్లూ అది తన వెనకున్న హిమానీనదాలకు అడ్డుగోడలా నిలిచింది. గోడ కూలగానే అవి కొన్ని రెట్ల వేగంతో సముద్రంలోకి జారడం మొదలుపెట్టాయి.

శాస్త్రవేత్తలకు ఇప్పుడు నిద్రపట్టనివ్వనిది పశ్చిమ అంటార్కిటికాలోని త్వైట్స్ హిమానీనదం. వైశాల్యంలో ఇప్పటి ఆంధ్రప్రదేశ్ కన్నా పెద్దది. దాని అడుగు సముద్రమట్టానికి చాలా కింద ఉంది. వెచ్చని సముద్రపు నీరు ఆ అడుగుకు చేరి తొలిచేస్తోంది. అదొక్కటే పూర్తిగా కరిగితే సముద్రం 65 సెంటీమీటర్లు పెరుగుతుంది.

దగ్గర తగ్గు... దూరం ముంపు

గ్రీన్‌లాండ్ మంచు కరిగితే ముందు మునిగేది గ్రీన్‌లాండ్ తీరమేగా? కాదు! అక్కడ సముద్రం తగ్గుతుంది. చంద్రుడు లాగితే ఆటుపోట్లు వచ్చినట్టే, అంత పెద్ద మంచురాశి కూడా తన ఆకర్షణతో చుట్టూ ఉన్న నీటిని దగ్గరకు లాక్కుంటుంది. మంచు తరిగితే ఆ పట్టు సడలుతుంది. పోగుపడిన నీరు దూరంగా జరిగిపోతుంది. పైగా బరువు తగ్గిన నేల కూడా మెల్లగా పైకి లేస్తుంది. అందుకే గ్రీన్‌లాండ్‌కు సుమారు 2,000 కిలోమీటర్ల లోపు సముద్రమట్టం తగ్గితే, దూరపు తీరాల్లో సగటును మించి పెరుగుతుంది.

బంగాళాఖాతం గ్రీన్‌లాండ్‌కూ దూరమే, అంటార్కిటికాకూ దూరమే. ఉత్తర హిందూ మహాసముద్రంలో 1993-2017 మధ్య నీటిమట్టం ఏటా 3.3 మిల్లీమీటర్ల చొప్పున పెరిగిందని 2020లో కేంద్ర భూవిజ్ఞాన శాఖ నివేదిక తేల్చింది.

ఏడాదికి మూడు మిల్లీమీటర్లేగా అనిపిస్తుంది. కానీ 1977 నవంబరు 19ని దివిసీమ ఇంకా మరిచిపోలేదు. ఆ రోజు సుమారు 5 మీటర్ల ఎత్తున వచ్చిపడిన ఉప్పెన వేల ప్రాణాలను మింగేసింది. సముద్రం ఓ అర మీటరు ఎత్తున ఉంటే అలాంటి ఉప్పెన ఆ ఎత్తునుంచే మొదలవుతుంది. నిన్నటిదాకా నీరు చేరని ఊరికీ చేరుతుంది. ఉప్పెన రాని ఏడాది కూడా నష్టం తప్పదు. కృష్ణా, గోదావరి డెల్టాల చివరి పొలాల్లోకి పోటునీరు ఎగదన్నుతుంది. తీపినీటి బోర్లు ఉప్పనవుతాయి.

ఎంత పెరుగుతుందన్నది ఇంకా తేలిపోలేదు. వాతావరణ మార్పులపై అంతర్జాతీయ నిపుణుల బృందం 2021 నివేదిక ప్రకారం, కర్బన ఉద్గారాలను గట్టిగా తగ్గిస్తే 2100 నాటికి 28 నుంచి 55 సెంటీమీటర్లు. విచ్చలవిడిగా వదిలితే 63 నుంచి 101 సెంటీమీటర్లు. ఏది జరిగినా సముద్రం ఆ తరవాతా శతాబ్దాల పాటు పెరుగుతూనే ఉంటుంది. దాన్ని పూర్తిగా ఆపడం ఇప్పుడు ఎవరి తరమూ కాదు.

చేతుల్లో ఉన్నది వేగమే. కరకట్టలు ఎత్తు పెంచుకోవాలన్నా, కోరింగ లాంటి మడ అడవులను కాపాడుకోవాలన్నా, ఓ ఊరు ఊరంతా వెనక్కి జరగాలన్నా సమయం కావాలి. జల్లెడలో మంచు ఎంత నెమ్మదిగా కరిగితే తీరానికి అంత వ్యవధి!