శ్రీశైలంలో కాపురం

శ్రీశైలం మల్లన్న పేరు వినని వాళ్లు మన సీమలో ఉండరు. శివరాత్రికి కొందరు పోతారు. కార్తీకంలో కొందరు పోతారు. బస్సు దిగుతారు. స్నానం చేస్తారు. వరుసలో నిలబడి దర్శనం చేసుకుంటారు. మళ్లీ బస్సు ఎక్కుతారు. ఎక్కేటప్పుడు ఒక మాట అనుకుంటారు. "ఈ ఊళ్లో ఉండేవాళ్లది ఎంత అదృష్టం! దినమూ ఈ కొండలు, ఈ గాలి, ఈ కృష్ణమ్మ!"

మరి నిజంగా అక్కడ కాపురం ఉంటే ఎట్లా ఉంటుంది?

శ్రీశైలం నల్లమల కొండల మీద ఉంది. సముద్రమట్టానికి సుమారు 1500 అడుగుల ఎత్తు. ఇదివరకు కర్నూలు జిల్లాలో ఉండేది. 2022 నుంచి నంద్యాల జిల్లాలో ఉంది. ఊరి చుట్టూ అడవి. కింద లోయలో కృష్ణానది.

ముందు గాలి సంగతి చూద్దాం. చెట్టు వేళ్లతో నీళ్లు తాగుతుంది. ఆ నీళ్లను ఆకుల గుండా ఆవిరిగా వదులుతుంది. ఆ ఆవిరి చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది. తడిబట్ట చుట్టిన కుండలో నీళ్లు చల్లబడతాయి కదా, ఇదీ అంతే. అయితే ఎండాకాలంలో నల్లమల చెట్లు చాలావరకు ఆకు రాలుస్తాయి. అప్పుడు కొండలు ఎండుకట్టెల మోపుల్లా కనబడతాయి. శ్రీశైలంలో కూడా ఎండ ఎండే. నాలుగు వానలు పడితే మాత్రం ఆ కొండలేనా ఇవి అనిపిస్తుంది. వానాకాలం నుంచి సంక్రాంతి దాకా అక్కడ ఉండేవాళ్లకు మంచి రోజులు.

వానాకాలంలో ఇంకో వేడుక ఉంది. అదే డ్యాం. ఎక్కడో మహారాష్ట్రలో, కర్ణాటకలో వాన పడితే ఇక్కడికి నీళ్లు వస్తాయి. డ్యాంకు 12 గేట్లు. నిండు మట్టం 885 అడుగులు. నీళ్లు నిండితే గేట్లు ఎత్తుతారు. నీళ్లు దూకిన చోట తుంపర పొగలా పైకి లేస్తుంది. అది చూడడానికి ఎక్కడెక్కడి నుంచో బండ్లు కట్టుకుని జనం వస్తారు. పక్కనే ఉన్న సున్నిపెంట వాళ్లకు బండి అక్కరలేదు. సున్నిపెంట డ్యాం కోసం వెలిసిన ఊరే. కట్టడానికి వచ్చిన కూలీలు, ఉద్యోగులు అక్కడే కాపురాలు పెట్టారు.

ఆ నీళ్ల అందం మాత్రం ఉత్తపుణ్యానికి రాలేదు. 1981లో నీళ్లు నిలిపినప్పుడు అటు మహబూబ్‌నగర్, ఇటు కర్నూలు జిల్లాల్లో ఎన్నో ఊళ్లు మునిగిపోయాయి. ఇళ్లు, పొలాలు, బావులు అన్నీ పోయాయి. సంగమేశ్వరం గుడి కూడా మునిగింది. ఎండాకాలంలో నీళ్లు తగ్గితే ఆ గుడి బయటపడుతుంది. అప్పుడు పూజలు చేస్తారు. వరద వస్తే మళ్లీ మునిగిపోతుంది. ఊళ్లు పోగొట్టుకున్న వాళ్ల పిల్లలు, మనవలు ఇప్పటికీ ఆ నీళ్లను చూపించి "మా ఊరు ఆడ ఉండేది" అంటారు.

గుడి దగ్గర నుంచి పాతాళగంగకు మెట్లున్నాయి. పూర్వం రెడ్డిరాజుల కాలంలో ప్రోలయ వేమారెడ్డి మెట్లు కట్టించాడు. ఇప్పుడు తాడు మీద పోయే రోప్‌వే కూడా ఉంది. కింద పుట్టి వేసుకుని చేపలు పట్టేవాళ్లు కనబడతారు. అక్కడి నుంచి నీళ్ల మీద అక్కమహాదేవి గుహలకు పడవలు పోతాయి.

ఈ అక్కమహాదేవి ఎవరో తెలుసా? 12వ శతాబ్దంలో కన్నడ దేశంలో పుట్టింది. మల్లికార్జునుడే నా మొగుడు అనుకుంది. ఇల్లు, నగలు, బట్టలు అన్నీ వదిలేసింది. ఒంటరిగా నడిచి శ్రీశైలం వచ్చింది. ఆమె చెప్పిన వచనాలు కన్నడం వాళ్లు ఇప్పటికీ పాడుకుంటారు. ఆ రోజుల్లో రోడ్డు లేదు, బస్సు లేదు. పులులున్న అడవిలో ఒక ఆడమనిషి అంత దూరం నడిచి రావడం చిన్న సంగతి కాదు.

పులులు ఇప్పటికీ ఉన్నాయి. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం దేశంలోకెల్లా పెద్దది. అందుకే రాత్రిపూట అడవి దారిలో గేట్లు వేస్తారు. 9 గంటలు దాటితే బండ్లను పోనివ్వరు. తెల్లారి 6 గంటలకు తీస్తారు. యాత్రకు పోయినవాళ్లకు అది ఒక రాత్రి సంగతి. అక్కడ ఉండేవాళ్లకు బతుకంతా అంతే. పొరుగూరి పెళ్లికి పోయినా గేటు వేళకు తిరిగి రావాలి. బియ్యం, కూరగాయలు ఘాట్ రోడ్డు ఎక్కి రావలసిందే. అడవి భూమిలో ఇల్లు కట్టుకోవడానికి లేదు.

ఈ అడవిలో అందరికన్నా ముందు నుంచి ఉన్నవాళ్లు చెంచులు. మల్లన్నను వాళ్లు చెంచు మల్లయ్య అంటారు. తమ అల్లుడు అని చెప్పుకుంటారు. నన్నారి వేర్లు, కుంకుడుకాయలు, జిగురు, తేనె ఏరుకొచ్చి అమ్ముకుంటారు. వీటిని గిరిజన సహకార సంస్థ కొంటుంది. మనం ఎండాకాలంలో తాగే నన్నారి షర్బత్ వెనక వాళ్ల చెమట ఉంది. తేనె తీయడం మరీ కష్టం. నిలువు కొండకు పట్టు ఉంటుంది. మనిషి తాడు కట్టుకుని కొండ కొమ్ము నుంచి కిందికి వేలాడాలి. పైన తాడు ఎవరు పట్టుకోవాలి? భార్య తమ్ముడో అన్నో పట్టుకోవాలని చెంచుల ఆచారం. తన అక్కచెల్లెలి తాళి కోసమైనా తాడు వదలడు కదా! ఎంత ఆలోచన చేశారో చూడండి. ఇప్పుడు కొందరు చెంచులు అటవీశాఖలో కాపలా పని చేస్తున్నారు. పులి అడుగు చూసి ఎటు పోయిందో చెప్పడంలో వాళ్లను మించినవాళ్లు లేరు.

ఇక ఊళ్లో ఆడవాళ్ల సంగతి. మనకు పండుగ అంటే తీరిక. వాళ్లకు పండుగ అంటే పని. పూలు, టెంకాయలు, గాజులు, టిఫిన్లు అమ్మేవాళ్లలో ఆడవాళ్లు చాలామంది. శివరాత్రికి ఆత్మకూరు వైపు నుంచి అడవిలో నడిచి భక్తులు వస్తారు. ఉగాదికి కన్నడం వాళ్లు వేలకు వేలు వస్తారు. భ్రమరాంబ తమ ఆడబిడ్డ అని చీర, సారె తెస్తారు. అందుకే శ్రీశైలంలో అంగడి పెట్టుకున్న చాలామందికి నాలుగు కన్నడం మాటలు వస్తాయి. ఆ రోజుల్లో వాళ్లకు నిద్ర ఉండదు. గుడికి ఇంత దగ్గరలో ఉండి కూడా దర్శనానికి తీరదు.

జనం పోయాక మిగిలేది చెత్త. నీళ్ల సీసాలు, కవర్లు అడవిలో పారేస్తే జింకలు, కోతులు తింటాయి. ప్లాస్టిక్ కడుపులో అరగదు. పేగులకు అడ్డం పడి అవి చస్తాయి. దారిలో కోతులకు అరటిపండ్లు వేయడం కూడా మంచిది కాదు. అవి రోడ్డుకు అలవాటు పడి బండ్ల కింద పడతాయి. మూటలోకి సద్ది కట్టుకునేటప్పుడు గుడ్డసంచి, స్టీలు డబ్బా తీసుకుంటే సరిపోతుంది.

ఈసారి పోతే దర్శనం కాగానే బస్సెక్కకండి. ఒక పూట ఉండండి. శిఖరం దగ్గర నువ్వులు చల్లి నంది కొమ్ముల మధ్య నుంచి చూసేవాళ్లు ఎలాగూ చూస్తారు. ఫాలధార పంచధారకు కూడా దిగండి. మెట్లు దిగితే లోయలో రాతి సందుల నుంచి నీళ్లు ధారగా పడుతుంటాయి. టికెట్టు కూడా లేని సుఖం అది. ఉగాది జనం తగ్గాక అంగళ్ల ఆడవాళ్లు కూడా ఒక సాయంత్రం పిల్లలను వెంటబెట్టుకుని అక్కడికే పోతారు. కాళ్లు నీళ్లలో పెట్టుకుని కాసేపు కూర్చుంటారు.