సముద్రపు నాచు మొక్కేనా? స్క్విడ్ చేపేనా?



"నాచు మొక్క కాదట నాన్నా" అని మీ పిల్లలు అంటే వెంటనే కొట్టిపారేయకండి. వాళ్ల మాటలో నిజముంది.

సాగర్ కుడి కాలువలో పచ్చటి నాచు మనకు తెలిసిందే. సముద్రంలో గోధుమ రంగు నాచు కూడా ఉంటుంది. విశాఖ రాళ్ల మీద పెరిగే సర్గాసం అలాంటిదే. సూర్యలంకలో అంతా ఇసుకే, నాచు పట్టుకోవడానికి రాయి ఉండదు. ఈ నాచుకు వేర్లు లేవు. అడుగున ఉండే పట్టుతో రాయిని అంటిపెట్టుకుంటుంది, చిన్న చిన్న గాలి బుడగలతో పైకి తేలుతుంది.

ఇప్పుడు పిగ్మీ స్క్విడ్ సంగతి చూడండి. దీని ఒళ్లు బొటనవేలి గోరంత. పది చేతులున్నట్టు కనిపిస్తాయి కానీ వాటిలో ఎనిమిదే చేతులు, మిగిలిన రెండూ వేటకు వాడే పొడవాటి స్పర్శకాలు. వీపు మీద జిగురు గ్రంథి ఉంటుంది. దాంతో సముద్రపు గడ్డికో, నాచుకో అతుక్కుని రొయ్య పిల్లల కోసం కాచుకుంటుంది. అంటే అంటుకోవడం ఇద్దరికీ తెలుసు. నాచు ఒకచోట అంటుకుంటే అక్కడే ఉంటుంది, స్క్విడ్ మాత్రం కావాలనుకున్నప్పుడు వదిలించుకుని పోతుంది. జపాన్ దక్షిణ దీవుల దగ్గర 2023లో కూడా ఇలాంటివి రెండు కొత్త జాతులు బయటపడ్డాయి.

రంగు విషయంలో తేడా ఇంకా బాగుంటుంది. నాచులో పత్రహరితం ఉంది, కానీ ఫ్యూకోజాంథిన్ అనే గోధుమ వర్ణకం దాన్ని కప్పేస్తుంది. నీటి లోపలికి చేరే నీలి, ఆకుపచ్చ కాంతిని పట్టి ఆహారం చేసుకోవడానికి ఆ రంగు సాయపడుతుంది. జపాన్ వాళ్లు సూప్‌లో వేసుకునే వకామే అనే గోధుమ నాచును వేడినీళ్లలో ముంచితే ఆకుపచ్చగా మారిపోతుంది! స్క్విడ్ గోధుమ రంగుకు తిండితో పని లేదు. చర్మంలోని రంగు సంచులను కండరాలు లాగితే రంగు పరుచుకుంటుంది, వదిలితే చుక్కగా ముడుచుకుంటుంది. అంతా క్షణంలో అయిపోతుంది.

స్క్విడ్ చేప కాదు, నత్తకు చుట్టం. మూడు గుండెలు, రాగి ఉండటం వల్ల నీలి రక్తం.

ఇక పరీక్ష మాట. పదకొండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ బయాలజీలో గోధుమ శైవలాలు వృక్షరాజ్యం పాఠంలోనే ఉన్నాయి. నేటి శాస్త్రవేత్తలు చాలామంది వాటిని మొక్కల నుంచి వేరుచేసి, డయాటమ్‌ల బంధువులుగా చూస్తున్నారు. జవాబు పత్రంలో పుస్తకం ప్రకారమే రాయమనండి. ఇంట్లో మాత్రం రెండూ మాట్లాడుకోవచ్చు. పళ్ల డాక్టరు అచ్చు తీసే ముద్దలోనూ, కొన్ని ఐస్‌క్రీముల్లోనూ ఉండే ఆల్జినేట్ ఈ గోధుమ నాచుల నుంచే వస్తుంది.