జర్మన్ భాషలో ‘మీరు’



పి.జి. చదువుతూ సాయంత్రం పూట జర్మన్ సర్టిఫికెట్ కోర్సులో చేరాను. అంతకు ముందు జర్మనీ అంటే నాకు తెలిసింది హిట్లరు, బెర్లిన్ గోడ, బెంజి కారు. మొదటి రోజు మేడమ్ ఒక్కొక్కరి దగ్గరకూ వచ్చి ‘‘వీ హైసెన్ జీ?’’ అని అడిగారు. ‘మీ పేరేమిటి?’ అని అర్థం. అరవై ఏళ్ల మేడమ్ నన్ను ‘మీరు’ అనడమేమిటని వెనక్కి తిరిగి చూశాను. వెనక గోడ తప్ప ఎవరూ లేరు.

జర్మన్ కష్టమని అందరూ భయపెడతారు. కొంత నిజమే. ప్రతి నామవాచకానికీ లింగం ఉంటుంది. చెంచా పుంలింగం, ఫోర్కు స్త్రీలింగం, కత్తి నపుంసకలింగం. బట్టీ పట్టాల్సిందే. ‘మేట్‌షెన్’ అంటే అమ్మాయి, కానీ అది నపుంసకలింగం! క్లాసంతా నవ్వింది. చివర ‘షెన్’ చేరి చిన్నదనాన్ని తెలిపే మాటలన్నీ అక్కడ నపుంసకాలేనట. మరి మనం చేసేదేమిటి? ‘అబ్బాయి వచ్చాడు’ అంటాం గానీ, అమ్మాయీ ‘వచ్చింది’, బస్సూ ‘వచ్చింది’. ఇంకొకటి, ‘ఎందుకంటే’తో మొదలయ్యే వాక్యంలో జర్మన్ క్రియ మన క్రియలాగే చివరికి పోతుంది. ఇంగ్లీషు మీడియం వాళ్లు తికమకపడ్డ ఆ పాఠం నాకు సులువుగా ఎక్కింది. మాటలు అతికించడం కూడా సరదాగా ఉంటుంది. ‘హాండ్‌షూ’ అంటే చేతి బూటు, అంటే గ్లౌజు.

అసలు చెప్పదలచుకున్నది ఆ ‘జీ’ గురించి. ఎదుటివారిని పిలవడానికి జర్మన్‌లో రెండు మాటలున్నాయి. ‘డూ’ అంటే నువ్వు, ‘జీ’ అంటే మీరు. ‘జీ’కి మూలార్థం ‘వాళ్లు’. అంటే మనలాగే వాళ్లూ బహువచనంతో గౌరవిస్తారు. ఇంట్లో వాళ్లకు, స్నేహితులకు, చిన్నపిల్లలకు, దేవుడికి ‘డూ’. పరిచయం లేని పెద్దవాళ్లెవరికైనా ‘జీ’. డాక్టరుకూ ‘జీ’యే, ఆసుపత్రి ఊడ్చే ఆమెకూ ‘జీ’యే. ఆమెను ‘ఫ్రావ్’ అని ఇంటిపేరుతో కలిపి పిలుస్తారు. బడిలో పదహారేళ్లు వచ్చేసరికి చాలాచోట్ల టీచర్లు పిల్లల్ని కూడా ‘జీ’ అనడం మొదలుపెడతారు.

ముఖ్యమైన సంగతి, పెద్దవాళ్ల మధ్య ‘డూ’ రెండువైపులా ఉండాలి. నేను మిమ్మల్ని ‘డూ’ అంటే మీరూ నన్ను ‘డూ’ అనవచ్చు. ‘జీ’ నుంచి ‘డూ’కు మారాలంటే మామూలుగా వయసులో పెద్దవారు ముందు అడగాలి. ఒకవైపు మాత్రమే ఏకవచనం వాడితే అది అవమానం. పోలీసును ‘డూ’ అన్నందుకు కోర్టుకెక్కిన కేసులు కూడా ఉన్నాయి.

ఇది నాకెందుకు అంతగా పట్టుకుందో మీలో చాలామందికి చెప్పనక్కర్లేదు. మా నాన్న కూలి. ఆయన పనికి వెళ్లే ఇంట్లో పదేళ్ల పిల్లవాడు ఆయన్ని పేరు పెట్టి ‘రారా, పోరా’ అంటాడు. నాన్న వాడిని ‘మీరు’ అంటాడు. నేనూ విన్నాను, చాలాకాలం అది వ్యాకరణం లాగానే అనిపించింది.

అలాగని జర్మనీ స్వర్గమేమీ కాదు. 1961లో టర్కీతో ఒప్పందం చేసుకుని పశ్చిమ జర్మనీ వేలాది కార్మికులను రప్పించుకుంది. ‘జీ’ అనే నియమం ఆ ఫ్యాక్టరీల గేటు దగ్గరే ఆగిపోయేది. మేస్త్రీలు వాళ్లను ‘డూ’ అనే పిలిచేవారు. గుంటర్ వాల్‌రాఫ్ అనే పాత్రికేయుడు టర్కీ కూలీగా వేషం మార్చి పనిచేసి, 1985లో ‘గాంజ్ ఉంటెన్’ అనే పుస్తకం రాశాడు. ఆ పేరుకు ‘అట్టడుగున’ అని అర్థం. ఇప్పుడు చాలా కంపెనీల్లో అందరూ ‘డూ’ అనుకోవడమే ఫ్యాషన్, కానీ అది పై అధికారికీ వర్తిస్తుంది.

వెళ్లాలనుకునే వాళ్లకు కొన్ని మాటలు. బాబాసాహెబ్ అంబేడ్కర్ 1921లో బాన్ విశ్వవిద్యాలయంలో పేరు నమోదు చేయించుకున్నారు. అక్కడ చదువు సాగలేదు, లండన్‌లో పూర్తిచేశారు. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఎక్కువచోట్ల విదేశీయులకూ ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం 2017 నుంచి మనలాంటి వాళ్లకు సెమిస్టరుకు 1,500 యూరోలు. ‘ఫీజు లేదు’ అని చెప్పేవాళ్లు రెండో మాట చెప్పరు. వీసా కోసం ఏడాది ఖర్చు ముందే ఖాతాలో చూపించాలి. 2024 సెప్టెంబరు నుంచి అది 11,904 యూరోలు, అంటే పది లక్షల రూపాయల పైమాటే. మన ఇళ్లలో ఆగిపోయేది ఇక్కడే. కాబట్టి కేంద్ర ప్రభుత్వ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ నిబంధనలు డిగ్రీలో ఉండగానే చదవండి. ఐ.టి.ఐ. తమ్ముళ్లు ‘ఔస్‌బిల్డుంగ్’ గురించి తెలుసుకోండి. అందులో కొన్ని రోజులు బడి, కొన్ని రోజులు పని, నెల నెలా భత్యం ఉంటాయి. దానికి జర్మన్ బాగా రావాలి.

వచ్చే నెల రెండో శనివారం హాస్టల్‌కు వస్తాను. నేర్చుకోవాలనుకునే వాళ్లు వార్డెన్ సార్‌కు పేర్లివ్వండి. ఒక లాంగ్ నోట్‌బుక్ చాలు.