కొత్త పిచ్చరూ, మేనేజరు ఓర్పూ

మనకు క్రికెట్ తెలిసినంతగా బేస్‌బాల్ తెలియదు. నేను కూడా ఆ ఆటను చదివి తెలుసుకున్నవాణ్ణే గాని మైదానంలో చూసినవాణ్ణి కాను. అయినా అందులో ఒక సంగతి నన్ను బాగా ఆకర్షించింది. ఇరవై ఏళ్లు దాటీ దాటని కుర్రవాడి చేతికి బంతి ఇచ్చాక, అతడు తడబడితే పెద్దవాళ్లు ఏం చేస్తారన్నదే ఆ సంగతి.

క్రికెట్‌లో బౌలర్ ఆరు బంతులు వేసి పక్కకు వెళ్లి ఊపిరి పీల్చుకుంటాడు. బేస్‌బాల్‌లో ఆట ప్రారంభించే పిచ్చర్‌కు ఆ వెసులుబాటు లేదు. 60 అడుగుల 6 అంగుళాల దూరం నుంచి ప్రతి బంతీ తానే విసరాలి. బ్యాటర్ కదలకుండా ఉండగా నాలుగు బంతులు హద్దు తప్పితే, అతడు ఊరికే మొదటి బేస్‌కు నడిచి వెళతాడు. కొట్టేస్తాడేమోనన్న భయంతో పిచ్చర్ బంతిని పక్కకు వేస్తాడు; పక్కకు వేసేకొద్దీ బేస్‌లు నిండుతాయి; నిండేకొద్దీ భయం పెరుగుతుంది. ఇదొక గొలుసు చర్య!

ఈ గొలుసును తెంచవలసినవాడు మేనేజరు. కాని అతని చేతులకూ నిబంధనలున్నాయి. ఒకే ఇన్నింగ్స్‌లో రెండోసారి పిచ్చర్ దగ్గరకు నడిచి వెళితే అతణ్ణి మార్చి తీరాలి. మార్చినవాడు ఆ ఆటలోకి మళ్లీ రాకూడదు. పైగా ఐదు ఇన్నింగ్స్ పూర్తి చేస్తేనే ప్రారంభ పిచ్చర్ ఖాతాలో విజయం పడుతుంది. ఐదో ఇన్నింగ్స్ మధ్యలో కుర్రవాడు తడబడితే? తీసేస్తే వాడి మనసు విరుగుతుంది, ఉంచితే జట్టు ఓడవచ్చు.

దీనికి ఒకే మందు లేదు. 1984లో లాస్ ఏంజిలిస్ డాడ్జర్స్ మేనేజరు టామీ లసోర్డా మాటను నమ్ముకున్నాడు. ఓరెల్ హెర్షైజర్ బ్యాటర్లకు మరీ భయపడుతున్నాడని గ్రహించి, గదిలోకి పిలిచి గట్టిగా మందలించి, 'బుల్‌డాగ్' అని పేరు పెట్టాడు. ఆ మెతక మనిషే 1988లో వరుసగా 59 ఇన్నింగ్స్ ఒక్క పరుగూ ఇవ్వలేదు.

టొరంటో బ్లూ జేస్ వారిది ఇంకో దారి. 2000లో రాయ్ హాలడే తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున 10.64 పరుగులు ఇచ్చాడు. 2001లో అతణ్ణి బాగా కింది స్థాయి లీగుకు పంపారు. అవమానమే! కాని ఊరికే పంపలేదు. మెల్ క్వీన్ అనే శిక్షకుడు అతని చెయ్యి తిరిగే కోణాన్నే మార్చాడు. అదే ఏడు జూలైలో అతడు తిరిగి వచ్చాడు. 2003లోనూ, 2010లోనూ ఉత్తమ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు పొందాడు.

మా పల్లెల్లో కొత్త కోడెను కాడికి అలవాటు చేసేటప్పుడు అనుభవమున్న ఎద్దు పక్కన కట్టి, మెత్తని దుక్కిలో నాలుగు చాళ్లు తిప్పి విప్పేస్తారు. గట్టినేలలో మొదటి రోజే కడితే అది కాడి చూస్తేనే బెదురుతుంది. కింది లీగులూ, బంతుల లెక్కలూ ఈ తెలివి లాంటివే.

అయితే ఎంత జాగ్రత్తపడ్డా కొన్నిసార్లు తప్పుతుంది. 2000 అక్టోబర్ 3న సెయింట్ లూయిస్ మేనేజరు టోనీ లారూసా 21 ఏళ్ల రిక్ ఆంకీల్‌ను పెద్ద పోటీలో దించాడు. ఒక్క ఇన్నింగ్స్‌లో ఐదు బంతులు ఎవరికీ అందకుండా పోయాయి. ఆ గురి మళ్లీ నిలకడగా కుదరలేదు. కాని జట్టు అతణ్ణి పారెయ్యలేదు. 2007లో అదే లారూసా కింద బ్యాటర్‌గా తిరిగి వచ్చి, వచ్చిన రోజే హోమ్‌రన్ కొట్టాడు.

ఈ ముగ్గురి కథల్లో నాకు కనిపించింది ఇది: ధైర్యం చెప్పడమంటే పొగడడం కాదు. లోపం ఎక్కడుందో చూపాలి, దిద్దుకోవడానికి చోటివ్వాలి, ఒక్క ఓటమితో మనిషికి వెల కట్టకూడదు. పరీక్ష తప్పిన తమ్ముళ్లకూ, వారికి పాఠం చెప్పే గురువులకూ ఈ మాట పనికొస్తుందని నా నమ్మకం.