పాత కంప్యూటరుకు టపా దారి

సూరత్ కార్ఖానాల్లో యంత్రంతో పాటు వచ్చిన కంప్యూటరును మార్చడం తేలిక కాదు. అది ఎంబ్రాయిడరీ యంత్రానికి డిజైన్ అందించేది కావచ్చు, వజ్రాన్ని లేజర్‌తో కోసే యంత్రాన్ని నడిపేది కావచ్చు, లింబాయత్‌లో మన పద్మశాలీల మరమగ్గాల లెక్కలు చూసేదీ కావచ్చు. అందులోని సాఫ్ట్‌వేర్ విండోస్ ఎక్స్‌పీ మీద తప్ప నడవకపోతే, యంత్రం ఉన్నన్నాళ్లూ ఎక్స్‌పీ ఉండాల్సిందే. అలాంటి కంప్యూటర్ నుంచి ఆంట్‌వర్ప్ వ్యాపారికి బిల్లు పంపబోతే ఒక రోజు మెయిల్ కదలదు. సర్వర్‌ను కొత్తగా అప్‌గ్రేడ్ చేశారు, అది ఈ ముసలి కంప్యూటరుతో మాట్లాడనంటోంది. పాతవాటి కోసం సర్వర్ భద్రతను తగ్గించాలా? జవాబు కోసం మెయిల్ సర్వర్ పుట్టుక దాకా వెళ్లాలి.

1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ మెయిల్ చేరవేతకు ఎస్‌ఎంటీపీ అనే నియమావళిని ఆర్‌ఎఫ్‌సీ 821 అనే ప్రమాణ పత్రంగా వెలువరించారు. అందులో పాస్‌వర్డ్ లేదు, గుప్తీకరణ లేదు. వచ్చిన కంప్యూటర్ ‘హెలో’ అని తన పేరు చెబితే చాలు, సర్వర్ నమ్మేది. ఎవరి ఉత్తరాన్నయినా ఎవరికైనా చేరవేసేది. స్పామ్ పెరిగాక ఆ మంచితనమే శాపమైంది. ఎరిక్ ఆల్‌మన్ సృష్టించిన మెయిల్ సర్వర్ ప్రోగ్రాం సెండ్‌మెయిల్ 1998లో, 8.9 వెర్షన్‌తో, ఊరూపేరూ తెలియనివారి ఉత్తరాలు మోయడం మానేసింది. అదే ఏడాది చివర్లో మెయిల్ పనికి రెండు పోర్టులు ఏర్పడ్డాయి. సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి పాత 25, మనలాంటి వాడుకదారులు ఉత్తరం అప్పజెప్పడానికి 587. పాస్‌వర్డ్ అడిగే పద్ధతి 1999లో ప్రమాణమైంది. ఆ ఏడాదే గుప్తీకరణకు టీఎల్‌ఎస్ 1.0 వచ్చింది.

తర్వాత గుప్తీకరణ వేగంగా తరాలు మారింది. 2008లో 1.2, 2018లో 1.3 వచ్చాయి. 2014లో పూడిల్ అనే దాడి టీఎల్‌ఎస్‌కు ముందుతరమైన ఎస్‌ఎస్‌ఎల్ 3ని కూల్చేసింది. 2021 మార్చిలో టీఎల్‌ఎస్ 1.0, 1.1 వాడవద్దని ప్రమాణాల సంస్థ ఐఈటీఎఫ్ తేల్చి చెప్పింది. ఎక్స్‌పీతో వచ్చిన అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ మాత్రం టీఎల్‌ఎస్ 1.0 దగ్గరే ఆగిపోయింది. దానికి తెలిసిన సంకేత పద్ధతుల్లో ఆర్‌సీ4ను 2015లోనే నిషేధించారు. త్రీడీఈఎస్ బలహీనత 2016లో బయటపడింది.

అయితే పాతదనం అంతా ఒకే రకం కాదు. సర్వర్ నిర్వాహకుడు మూడింటిని విడదీసి చూడాలి.

మొదటిది మాటతీరు. అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ 4 లాంటివి పాస్‌వర్డ్ పద్ధతుల జాబితాను ఒక కాలం చెల్లిన రూపంలో చెబితేనే అర్థం చేసుకుంటాయి. వీట్సె వెనెమా రాసిన మెయిల్ సర్వర్ ప్రోగ్రాం పోస్ట్‌ఫిక్స్‌లో ఇందుకోసమే ‘బ్రోకెన్ శాసిల్ ఆత్ క్లయింట్స్’ అనే అమరిక ఉంది. దాన్ని ‘యెస్’ చేస్తే సర్వర్ ఆ జాబితాను రెండు రూపాల్లోనూ వినిపిస్తుంది. భద్రతకు నష్టమేమీ లేదు. 1982 నాటి ‘హెలో’ను నేటి సర్వర్లు స్వీకరిస్తున్నదీ ఇలాగే.

రెండోది పోర్టు. 587లో సంభాషణ బహిరంగంగా మొదలై, ‘స్టార్ట్‌టీఎల్‌ఎస్’ అన్న ఆదేశంతో మధ్యలో రహస్యంగా మారుతుంది. ఉత్తరం అప్పజెప్పడానికే ఉన్న మరో పోర్టు 465లో మొదటి మాట నుంచే గుప్తం. వజ్రాల పొట్లాన్ని బజార్లో విప్పి చూపించి ఆపైన మడవడానికీ, ఇంట్లోనే మడిచి తేవడానికీ ఉన్నంత తేడా. 465ను 1997లో కేటాయించి మరుసటేడే రద్దు చేశారు. అయినా పాత అవుట్‌లుక్‌లు దాన్ని వదల్లేదు, వాటి కోసం నిర్వాహకులు నిశ్శబ్దంగా తెరిచే ఉంచారు. 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8314 ఆ పోర్టుకు మళ్లీ గుర్తింపు ఇవ్వడమే కాదు, మొదటి నుంచీ గుప్తంగా సాగే పద్ధతే మేలని చెప్పింది. స్టార్ట్‌టీఎల్‌ఎస్ మలుపు దగ్గర మాటలు చొప్పించగల లోపాలను 2021లో జర్మనీ పరిశోధకులు పదుల సంఖ్యలో పట్టుకున్నారు. ఇక్కడ పాత అలవాటే గట్టిదని తేలింది.

మూడోది గుప్తీకరణ తరం. అసలు ప్రమాదం ఇక్కడే, అది కూడా పోర్టును బట్టి మారుతుంది. 25లో గుప్తీకరణను తప్పనిసరి చేయవద్దని ఆర్‌ఎఫ్‌సీ 3207 బహిరంగ సర్వర్లకు చెబుతోంది. అవతలి పాత సర్వర్‌కు టీఎల్‌ఎస్ 1.0 మాత్రమే వస్తే, దాన్ని కాదన్నంత మాత్రాన అది మెరుగుపడదు. అదే ఉత్తరాన్ని ఏ గుప్తీకరణా లేకుండా పంపేస్తుంది. కాబట్టి అక్కడ బలహీన గుప్తీకరణ కూడా ఏమీ లేకపోవడం కంటే నయం. 587, 465లలో మాత్రం పాస్‌వర్డ్ ప్రయాణిస్తుంది. అది ఒక్కసారి చేజారితే దొంగ మన పేరుతోనే బిల్లు పంపి, బ్యాంకు ఖాతా నంబరు మార్చేయగలడు. అప్పుతో, నమ్మకంతో నడిచే వజ్రాల బేరానికి అంతకన్నా కీడు లేదు. అందుకే అక్కడ టీఎల్‌ఎస్ 1.2కి తగ్గకూడదు. గుప్తీకరణ మొదలవకముందు సర్వర్ అసలు పాస్‌వర్డే అడగకూడదు.

మరి ఎక్స్‌పీ సంగతి? దాని ఒక్కదాని కోసం సర్వర్ గుప్తీకరణకు వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3 భద్రతా స్థాయిని సున్నాకు దించితే, ఆ పోర్టుకు వచ్చే అందరికీ దించినట్టే. దానికి బదులు కార్ఖానాలోనే పోస్ట్‌ఫిక్స్ ఉన్న చిన్న లినక్స్ పెట్టె ఒకటి పెట్టాలి. పాత కంప్యూటర్ ఉత్తరాన్ని ఆ పెట్టెకు ఇస్తుంది. పెట్టె దాన్ని తన సొంత పాస్‌వర్డుతో, టీఎల్‌ఎస్ 1.3లో అసలు సర్వర్‌కు అప్పజెబుతుంది. ఎక్స్‌పీలో పాస్‌వర్డ్ దాచాల్సిన పనే లేదు, ఇంటర్నెట్‌తో దానికి సంబంధమూ అక్కర్లేదు. స్కాన్ చేసి మెయిల్ పంపే పాత జిరాక్స్ యంత్రాలకూ ఇదే దారి.

రెండు జాగ్రత్తలు మరవకూడదు. పెట్టె ఏయే యంత్రాల మాట వినాలో వాటి ఐపీ చిరునామాలను ‘మైనెట్‌వర్క్స్’లో ఒక్కొక్కటిగా రాయాలి. కార్ఖానా వైఫై అంతటికీ చోటిస్తే 1998కి ముందరి సెండ్‌మెయిల్‌లా అది స్పామ్ మోసే గాడిదవుతుంది. ఇక వచ్చే ఉత్తరాలను ఎక్స్‌పీలో చదవనే కూడదు. 2014 ఏప్రిల్ 8 తర్వాత దానికి మామూలు భద్రతా మరమ్మతులు ఆగిపోయాయి. ఒక్క చెడ్డ అటాచ్‌మెంట్ చాలు యంత్రం ఆగిపోవడానికి. చదవడం ఫోన్‌లోనో కొత్త కంప్యూటర్‌లోనో పెట్టుకోవాలి.

ఏ మార్పు చేసే ముందైనా లాగ్ చూడాలి. పోస్ట్‌ఫిక్స్‌లో టీఎల్‌ఎస్ లాగ్ స్థాయిని 1 చేస్తే, ఎవరు ఏ వెర్షన్‌తో వస్తున్నారో వరుసగా రాసిపెడుతుంది. నెల్లాళ్లు గమనిస్తే పాత తరంతో వచ్చే యంత్రాల జాబితా చేతికొస్తుంది. వాటి యజమానులకు గడువు చెప్పి, మారగలిగినవాటిని మార్పించి, మారలేనివాటిని పెట్టె వెనక్కి చేర్చాలి. ఆ తర్వాత 587, 465లలో పాత తరాన్ని మూసేసినా సూరత్ నుంచి బిల్లులు ఆగవు.